శాలోమి పాస్

నవంబర్ 11, మంగళవారం

మా దేవిశ్రీకి మూడు కుట్లు. కనుబొమ్మ పైన. ఇంకో అంగుళం కిందికి తగిలితే కన్నే పోయేదట. డాక్టరు గారు ఆ మాట చీటీ మీద మందులు రాస్తూ, తల కూడా ఎత్తకుండా అన్నారు.

కొట్టింది శాలోమి. మా గ్రామ సచివాలయం పరిధిలో ఆశా కార్యకర్తగా చేసే ఏసుమణి కూతురు. దేవిశ్రీ, ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో ఒకే సెక్షన్. అన్నాల వేళ ఇనప జామెట్రీ బాక్సు తీసి నా పిల్ల మొహానికేసి విసిరింది. ఎందుకని అడిగితే దేవిశ్రీ, "ఊరికేనే అమ్మా. నేనేటీ అనలేదు" అంది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

క్లాసు టీచరు రోజా ఫోన్ చేసి, "మేడం, ఒకసారి విడిగా మాట్లాడాలి" అంది. మాట్లాడడానికేముంది? రక్తం మరకల చొక్కా బకెట్లో నానుతోంది.

మహిళా సంరక్షణ కార్యదర్శిని నేను. జనం మహిళా పోలీసు అంటారు. ఆడపిల్లల మీద ఎవరు చెయ్యెత్తినా నా దగ్గరికి వస్తారు. నా పిల్ల మీద చెయ్యెత్తితే నేనెవరి దగ్గరికి పోవాలి?

రేపు చూపిస్తాను.

నవంబర్ 12, బుధవారం

సెలవు పెట్టాను. అయినా ఐడీ కార్డు మెడలో వేసుకునే స్కూలుకి వెళ్లాను. మా ఆయన బండి తీస్తూ చూసి, "డ్యూటీ లేదన్నావు, కార్డెందుకు?" అన్నారు. వడ్డాదిలో ఎరువుల కొట్టు తెరిచే హడావుడిలో కూడా ఇలాంటివి కనిపిస్తాయి ఆయనకి.

ప్రిన్సిపాల్ గదిలో నాకు కుర్చీ వేశారు. ఏసుమణి బీరువా పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. తనూ కూర్చోలేదు. శాలోమిని టీసీ ఇచ్చి పంపెయ్యాలని రెండు పేజీల ఫిర్యాదు రాసి తీసుకెళ్లాను. అర్జీలు రాయడం నా ఉద్యోగం. ఎక్కడ ఏ మాట పడితే అవతలివాడు భయపడతాడో తెలుసు.

రోజా టీచర్ మధ్యలో, "సార్, అసలేం జరిగిందంటే..." అని మొదలుపెట్టింది.

"మీరు అప్పుడు క్లాసులో ఉన్నారా?" అన్నాను.

"లేను మేడం, స్టాఫ్ రూంలో..."

"మరి మీకేం తెలుసు?"

నోరు మూసుకుంది. పాతికేళ్లు ఉంటాయేమో. నిన్నగాక మొన్న బీఈడీ చేసి వచ్చింది.

ఏసుమణి అప్పుడు మాట్లాడింది. "తప్పే మేడం. మా గుంట చెయ్యెత్తడం తప్పే. కానీ ఎందుకెత్తిందో ఒక్కసారి మీ పాపని అడగండి."

ఒళ్లు మండిపోయింది. "కన్ను పోయుంటే కూడా ఎందుకో అడగమంటావా?" అని అరిచాను. బయట వరండాలో పిల్లలు ఆగి చూశారు. చూడనీ.

నవంబర్ 13, గురువారం

శాలోమికి టీసీ ఇచ్చి పంపేస్తున్నట్టు ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. అందులో ప్రవర్తన అన్న గడిలో 'సంతృప్తికరం కాదు' అని రాయించారట. "చాలా మేడం?" అని అడిగారు, ఇంకో గరిటె సాంబారు వెయ్యాలా అన్నట్టు.

చాలు అన్నాను.

నవంబర్ 14, శుక్రవారం

బాలల దినోత్సవం. మా ఊరి హైస్కూల్లో నా క్లాసు. 'తోటివాళ్లని ఏడిపించడం ఆట కాదు, హింస' అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడాను. చప్పట్లు బాగా కొట్టారు. హెడ్మాస్టరు గారు వచ్చే నెల కూడా రమ్మన్నారు.

దేవిశ్రీ వాళ్ల స్కూల్లో సాయంత్రం ప్రోగ్రాం. కట్టుతోనే స్టేజీ ఎక్కి అనౌన్స్‌మెంట్లు చేసింది. తల్లులందరూ అయ్యో అన్నారు. రోజా టీచర్ నా వైపు చూడలేదు. పొగరు.

నవంబర్ 17, సోమవారం

ఏసుమణి డ్యూటీకి వచ్చింది. ఆరేళ్లుగా నా బల్లకి ఎదురుగా కూర్చుని, తన ఇంటి చింతకాయ పచ్చడి నాకు పెట్టి తినే మనిషి. ఈరోజు "గర్భిణీల లిస్టు ఇక్కడ పెట్టేను మేడం" అని వెళ్లిపోయింది. అంతే.

కోపం నాకుండాలి. తనకెందుకు?

ఆగస్టులో ఒకసారి ఏదో అంది. "మన పిల్లలకి ఏదో గొడవంట మేడం, మీ పాపకి కాస్త సెప్పండి" అని. "పిల్లలన్నాక ఉంటాయి ఏసుమణీ" అన్నట్టున్నాను. సరిగ్గా గుర్తులేదు. తనేం గట్టిగా చెప్పలేదు. అంత ఉంటే గట్టిగా చెప్పాల్సింది.

నవంబర్ 19, బుధవారం

సాయంత్రం కుట్లు విప్పించి తీసుకొచ్చాను. మచ్చ ఉంటుందట.

తర్వాత మేడ మీద బట్టలు తీస్తుంటే కింద వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. దేవిశ్రీ స్నేహితురాలు చిన్నారి, ట్యూషన్ పిల్లలు ఇంకో నలుగురు. చిన్నారి ఒకమ్మాయి జబ్బ మీద చెయ్యి రాసి "శాలోమి పాస్!" అని అరిచి పరిగెత్తింది. ఆ అమ్మాయి కెవ్వుమని ఇంకో పిల్ల గౌనుకి రాసింది. "శాలోమి పాస్!" మళ్లీ పరుగు. ఒకటే నవ్వులు. దేవిశ్రీ గేటు ఎక్కి కూర్చుని, నాలుగో తరగతి పిల్లకి రూల్స్ చెబుతోంది. "పది లెక్కపెట్టేలోపు రాసెయ్యాలి. లేపోతే నీకే ఉండిపోద్ది."

ఏదో ఆట. చిన్నప్పుడు మేమూ ఇలాంటివి ఆడాం.

ఆ పిల్ల పేరెందుకు?

నవంబర్ 20, గురువారం

స్కూలు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి రోజా టీచర్ని పట్టుకున్నాను. "దేవరాపల్లి బస్సు మేడం, ఇది పోతే మళ్లీ గంట" అంది. ఆగమన్నాను. బస్సు వచ్చింది, చెరకు ట్రాక్టర్ వెనకాల కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. తను ఎక్కలేదు.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. లేకపోతే రేపటికి నేను వేరేగా గుర్తుపెట్టుకుంటాను.

"జూన్ నుంచి మేడం. శాలోమి ముట్టుకున్నదేదైనా అంటుకుంటుందంట. అంటుకుంటే ఇంకొకళ్లకి రాసెయ్యాలి. నోట్సులు కలెక్ట్ చెయ్యమంటే ఆ అమ్మాయిది చేత్తో తియ్యరు, కాలితో తోస్తారు. కుళాయి దగ్గర ఆ అమ్మాయి తాగితే తర్వాతోళ్లు కుళాయి కడిగి తాగుతారు. నేను తిట్టేను, కొట్టేను కూడా, ఎండలో నిలబెట్టేను. నా ముందు మానేసేరు. అంతే."

"ఎందుకంట?"

"వాళ్లమ్మ జబ్బోళ్ల ఇళ్లకి తిరుగుతుంది కదా. అందుకంట."

"ఎవరు మొదలెట్టేరు?"

నా మొహంలోకి చూసింది. పేరు చెప్పక్కర్లేకపోయింది.

"మరి ఆ రోజు?"

"శాలోమి టిఫిన్ బాక్సు మూత తీసింది. దేవిశ్రీ శానిటైజర్ బాటిల్ తెచ్చి అన్నం మీద కొట్టింది. 'క్లీన్ చేస్తన్నాం' అంది. అందరూ చప్పట్లు కొట్టేరు. అప్పుడు విసిరింది మేడం. నేను చూడలేదు, నిజమే. కానీ పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ విడిగా పిలిచి అడిగేను. అందరూ ఒకటే చెప్పేరు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయేను. క్లాసులో ఉన్నారా అని అడిగేరు మీరు."

శానిటైజర్ మా ఇంటిదే. ఆఫీసులో ఇచ్చింది. ఫ్రిజ్ మీద ఉండేది. పది రోజులుగా లేదని ఇప్పుడు చూశాను.

నవంబర్ 21, శుక్రవారం

నిన్న రాయలేకపోయినది.

ఇంటికొచ్చి దేవిశ్రీని కూర్చోబెట్టి అడిగాను. ముందు "లేదు" అంది. తర్వాత "అందరూ చేసేరు" అంది. ఆ తర్వాత "జోక్ అమ్మా" అంది. నేను గొంతు పెంచాను. హింస అన్నాను. స్కూళ్లలో చెప్పే మాటలన్నీ వరసగా చెప్పాను. ఎవరు నేర్పారే నీకు ఇవన్నీ అన్నాను.

అది లేచి నిలబడింది.

"ఆంటీ మనింటికి వస్తే టీ ఏ గ్లాసులో ఇస్తావు?"

నాకు మొదట అర్థం కాలేదు. నిజంగానే కాలేదు.

"కిటికీలో బోర్లించి పెడతావు కదా, అందులో కదా? నేను ఒకసారి దాంతో నీళ్లు తాగితే లాక్కున్నావు. ఆంటీ జబ్బోళ్ల ఇళ్లకి తిరుగుద్ది అన్నావు. మరి నేనేటి కొత్తగా చేసేను?"

కొట్టాను. కుట్లు విప్పిన వైపే. అది ఏడవలేదు. ఆయన కొట్టు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. "దాన్ని కొట్టి ఏటి లాభం" అన్నారు.

నవంబర్ 22, శనివారం

ఆ గ్లాసు కరోనా అప్పుడు పెట్టింది. ఆశా వాళ్లు రోజూ పాజిటివ్ వచ్చినవాళ్ల ఇళ్లకి తిరిగేవారు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. ఎవరైనా పెడతారు.

అయినా ఈ బుద్ధులు మా అత్తగారి దగ్గర నేర్చుకుని ఉంటుంది. గోవాడకి ఫోన్ చేసి అడిగేశాను. అత్తగారు అప్పలనరసమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఒసే, నాను మీ ఇంటికొచ్చి రెండేళ్లయింది. మీ ఇంట్ల గ్లాసులు నాను సద్దేనేటే? నీ కూతురు నిన్ను సూడక నన్ను సూసి నేర్సుకుందేటి?" అని పెట్టేసింది.

ముసలావిడకి ఎంత నోరు.

నవంబర్ 23, ఆదివారం

కరోనా పోయి నాలుగేళ్లు.

నవంబర్ 24, సోమవారం

డాక్టరు గారు రోజంతా జబ్బు మనుషులనే ముట్టుకుంటారు. పోయిన దసరాకి మా ఇంటికొస్తే పింగాణీ కప్పులో కాఫీ ఇచ్చాను. కొత్త కప్పు. ఆయన వెళ్లాక ఆ కప్పు మిగతా కప్పులతోనే కడిగాను.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. ఉంది. రాయను.

నవంబర్ 25, మంగళవారం

ఏసుమణి ఇంటికి వెళ్లాను. కార్డు వేసుకోలేదు.

వాళ్లాయన ఏసుదానం పెయింటర్. వాకిట్లో బ్రష్షులు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. నన్ను చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసి, వీధిలోకి వెళ్లిపోయాడు. శాలోమి లోపల ఉందట. బయటికి రాలేదు.

"నాకు తెలీదు ఏసుమణీ" అన్నాను. "మొన్ననే తెలిసింది. సారీ."

తను గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఆగస్టులో సెప్పేను కదా మేడం."

"చెప్పావు."

"మీ కిటికీల గ్లాసు నాకు తెలీదనుకున్నారేటి? వచ్చిన మొదటి నెల్లోనే తెలుసు, కరోనా రాకముందే. ఆరేళ్లు తాగేను. ఉద్యోగం కదా, మనిషి మంచిదే కదా, పోన్లే అనుకున్నాను. నాను తాగేను సరే. మా గుంట ఎందుకు తాగాలి?"

నేను తల దించుకున్నాను. దించుకున్నందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. అది కూడా ఒక రకం వేషంలాగే అనిపించింది.

"అది అన్నం బాక్సు తీసుకెళ్లడం మానేసింది, తెలుసా మేడం? సెప్టెంబర్ నుంచి. ఖాళీ బాక్సు తీసుకెళ్లి ఖాళీ బాక్సు తెచ్చేది. నాను కనిపెట్టి, తినకపోతే సంపేస్తానని తిట్టి అన్నం పెట్టి పంపించేను. ఆ రోజే మీ పాప ఆ అన్నం మీద శానిటైజర్ కొట్టింది."

చివరికి అంది: "మీరు నోటితో వచ్చి సారీ అంటన్నారు. మా గుంట మీద మాత్రం కాగితం రాసేరు. నోటిమాట గాలికి పోద్ది మేడం. కాగితం ఉండిపోద్ది."

నవంబర్ 26, బుధవారం

కాగితం రాశాను. మూడు పేజీలు. ఎనిమిదో తరగతి దేవిశ్రీ తల్లి అశ్విని రాసేది అని మొదలుపెట్టి, జూన్ నుంచి జరిగిందంతా, శానిటైజర్ సహా. నా మొదటి ఫిర్యాదు అబద్ధమని, ఉద్యోగం చూపించి భయపెట్టానని కూడా.

ఆయన చదివి, "మన పిల్ల పేరే రాస్తావా?" అన్నారు.

"గ్లాసు సంగతి మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పుడూ అనలేదే?"

"నీ వంటిల్లు కదా అని."

ఆ మాటకి పళ్లెం విసరాలనిపించింది. ఈ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు. కార్డెందుకని అడగ్గలిగిన మనిషి గ్లాసెందుకని అడగలేకపోయాడు.

ప్రిన్సిపాల్ కాగితం రెండుసార్లు చదివి బోర్లించి పెట్టారు. "ఎందుకు మేడం ఇదంతా? సమస్య సద్దుమణిగిపోయింది కదా."

"సమస్యని కాదు సార్, పిల్లని పంపేశారు. ఆ ఆట మా వీధిలో నాలుగో తరగతి పిల్లలు కూడా ఆడుతున్నారు."

"స్కూలు పేరు బయటికొస్తే అడ్మిషన్లు..."

"ఈ కాగితం ఇంకో కాపీ మండల విద్యాధికారికి ఇస్తాను. ఇవ్వమంటారా, టీసీ మారుస్తారా?"

"ఆ రోజు మీరే కదా మేడం టీసీ ఇవ్వమన్నది!"

"అవును. నేనే. అది రెండో పేజీలో ఉంది, చూడండి."

కొత్త టీసీ రాయించారు. ప్రవర్తన: మంచిది. ఆ పిల్ల తిరిగి వస్తానంటే చేర్చుకుంటామని కూడా రాసి ఇప్పించుకున్నాను. దేవిశ్రీని పది రోజులు స్కూలుకి పంపవద్దన్నారు. సరే అన్నాను. చప్పట్లు కొట్టిన మిగతా వాళ్ల మాటేమిటంటే సిలబస్ వెనకబడిపోతుందన్నారు. రోజా టీచర్ తన లెక్కల పీరియడ్ వారానికి ఒకటి వదులుకుంటానంది. అరవకుండా, కొట్టకుండా, ఒక్కొక్కళ్లతో మాట్లాడుతుందట. "ముందే చెయ్యాల్సింది మేడం, నాకు తిట్టడమే తెలుసు" అంది.

దేవిశ్రీ నాతో మాట్లాడటం లేదు. "నా కన్నా ఆళ్లే ఎక్కువయ్యేరు" అని తండ్రితో అంటోంది, నాకు వినపడేలా.

నవంబర్ 28, శుక్రవారం

టీసీ ఏసుమణికి ఇచ్చాను. నిలబడే చదివింది. చదివినంతసేపూ నేనూ నిలబడ్డాను.

"ఆ స్కూలుకి ఇంక రాదంట మేడం. సోమవారం నుంచి ఇక్కడ గవర్నమెంటు హైస్కూలుకి పంపిస్తన్నాం" అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాక అంది: "మా గుంట ఒకటే అడిగింది. దేవిశ్రీ వచ్చి సెప్పాలంట."

"సారీ చెప్పిస్తాను."

"సారీ వద్దంట. ఏటి సేసిందో సెప్పాలంట."

నవంబర్ 30, ఆదివారం

చర్చి అయ్యాక రమ్మన్నారు. స్కూటర్ మీద దారి పొడవునా దేవిశ్రీ నన్ను పట్టుకోలేదు. వెనక ఇనప కడ్డీ పట్టుకుని కూర్చుంది.

శాలోమి వాకిట్లోకి వచ్చింది. నేననుకున్నంత పెద్ద పిల్ల కాదు. దేవిశ్రీ భుజం దాకా వస్తుంది. చర్చి గౌను ఇంకా మార్చుకోలేదు.

"సారీ" అంది దేవిశ్రీ, నేల చూస్తూ.

"అది వద్దన్నాను. ఏటి చేసేవో చెప్పు."

"శానిటైజర్ కొట్టేను."

"దేని మీద?"

"నీ అన్నం మీద."

"అది ఆఖర్ది. ముందు నుంచి చెప్పు."

ఇరవై నిమిషాలు పట్టింది. దేవిశ్రీ ఒకటి చెబితే శాలోమి సరిచేసింది. గొంతు పెంచలేదు. "నోట్సు తోసేం" అంటే "తోసేం కాదు, తోసేను. ఎవరి కాలితో?" అంది. "నా కాలితో." "కుళాయి కడగమంది ఎవరు?" "నేనే." నాకు ఆపాలనిపించింది. చాలమ్మా, చెప్పేసింది కదా అనాలనిపించింది. ఏసుమణి నా వైపు ఒక్క చూపు చూసింది. ఆ మాట మింగేశాను.

"ఇంకోటుంది" అంది శాలోమి.

"లేదు."

"వర్షం పడిన రోజు."

దేవిశ్రీ నా వైపు చూసింది. "గుర్తులేదు" అంది.

"సరే. నాకు గుర్తుంది" అని శాలోమి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఇంటికొచ్చాక అరిచాను. అబద్ధమాడావు, నాకు తెలుసు అన్నాను. గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఆరింటికి వచ్చింది. నేను పప్పు పోపు వేస్తున్నాను.

"స్కూలు తెరిచిన రెండో రోజు అమ్మా. వాన. శాలోమి మెట్ల మీద జారిపడింది. లేవడానికి చెయ్యి చాపింది. నేనూ చాపేను. చిన్నారి వాళ్లు చూస్తన్నారు. 'ఛీ, దాని చెయ్యి పట్టుకుంటన్నావేటి' అన్నారు. వెనక్కి లాగేసుకున్నాను. లాగేసుకుని చిన్నారి జబ్బకి రాసి 'పాస్' అన్నాను. అందరూ నవ్వేరు. అదే మొదటిసారి."

పోపు మాడిపోయింది.

"మరి అక్కడెందుకు చెప్పలేదు?"

"నువ్వున్నావు."

ఆ పక్కనే కూర్చుని ఏడ్చింది. దగ్గరికి తీసుకోవాలనిపించింది, లాగి ఇంకోటి కొట్టాలనిపించింది, రెండూ చెయ్యలేదు. కోపం తగ్గలేదు. దాని మీద, చిన్నారి మీద, ఆయన మీద, అన్నిటికంటే ఆ కిటికీ దగ్గర రోజూ నిలబడి గిన్నెలు తోమిన ఆడమనిషి మీద. తగ్గాలని కూడా లేదు.

"రేపు చెప్తాను. నువ్వు రాకు" అంది.

"గేటు దాకా వస్తాను."

డిసెంబర్ 1, సోమవారం

హైస్కూలు గేటు బయటే ఆగాను. లోపల వేపచెట్టు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. శాలోమి ఒక్కసారీ నవ్వలేదు, తల కూడా ఊపలేదు. కొత్త స్కూల్లో దానికి అది మొదటి రోజు, మొదటి గంట. బెల్లు కొట్టారు. పిల్లలంతా లైన్లలోకి పరిగెత్తారు. దేవిశ్రీ ఇంకా చెబుతూనే ఉంది. శాలోమి కదల్లేదు. దేవిశ్రీ చెప్పడం పూర్తయ్యేదాకా నిలబడి విని, అప్పుడు వెళ్లింది.